రాణి బొమ్మ నుంచి రాస్ హిల్ దాకా: విశాఖ పాత ఊళ్ళో నడక

శుక్రవారం సాయంత్రం, పూర్ణా మార్కెట్

విశాఖపట్నం వెళ్తున్నానంటే ఎవరైనా అడిగేది రామకృష్ణా బీచ్, కైలాసగిరి, అరకు గురించే. ఈసారి నేను వన్‌టౌన్, అంటే పాత ఊరి కోసమే వెళ్ళాను. ఆదివారం పొద్దున అక్కడ ఒక హెరిటేజ్ వాక్ ఉందని బాబాయ్ ఫోన్ చేసి చెప్పాడు. మనిషికి రూ. 200. బాబాయ్ పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, ఇల్లు చెంగల్రావుపేటలో. ముప్పై ఏళ్ళకు పైగా ఆ వీధుల్లోంచే డ్యూటీకి వెళ్ళొచ్చాడు. అయినా ఒక్కసారీ వాటిని చూడ్డానికని నడవలేదట. "నువ్వొస్తే నేనూ వస్తానమ్మా" అన్నాడు. అందుకని రెండు రోజుల ముందే దిగిపోయాను.

స్టేషన్ నుంచి ఆటో రూ. 150కి మాట్లాడుకున్నాను. దారిలో డ్రైవర్ అడిగాడు: "ఏటమ్మా, పాతూరు సూడ్డానికొచ్చారా? అక్కడేటున్నాది?" కోట, పాత బంగళాలు అని ఏదో చెప్పబోయాను. "కోటేదమ్మా, అదెప్పుడో పోనాది. కోటవీధి మాత్రం ఉన్నాది. మా అత్తోరిల్లు అక్కడే" అన్నాడు. ఊరి చరిత్ర మొదట చెప్పింది ఆయనే. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పదిహేడో శతాబ్దం చివర్లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. బట్టల వ్యాపారం కోసం వచ్చి, చుట్టూ గోడ కట్టి, బురుజులు లేపారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడే ఇంగ్లీషువాళ్ళు మళ్ళీ వచ్చారు. ఇప్పుడు ఆ కోట నిజంగానే వీధి పేరులోనే ఉంది.

పూర్ణా మార్కెట్ దగ్గర దిగి నడిచాను. సాయంత్రం ఆరింటికి అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. కూరలు, బెల్లం, ఎండుచేపలు, పూజ సామాను, ప్లాస్టిక్ బిందెలు, అన్నీ ఒకే వరసలో. ఎండు నెత్తళ్ళు అమ్మే ఒకావిడ దగ్గర ఆగితే, రేటు చెప్పకముందే ఎలా వండాలో చెప్పింది. వేడి నీళ్ళలో కడగాలి, తలలు తీసెయ్యాలి, వంకాయ ముక్కలు పడితే ఇంక అడగక్కర్లేదు. పావుకిలో రూ. 120 పెట్టి కొన్నాను. పిన్ని ఆ రాత్రే వండింది, ఆవిడ చెప్పినట్టే వంకాయతో.

భోజనాల దగ్గర అసలు విందు అరటికాయ ఆవపెట్టిన కూర. మా వైపు ఆవ ఇంత ఘాటుగా పెట్టం. మొదటి ముద్దకే ముక్కు దాకా ఎక్కింది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.

శనివారం పొద్దున, బురుజుపేట

నడక రేపు కదా, ఈలోపు అమ్మవారిని చూసొద్దామని పిన్ని తీసుకెళ్ళింది. కనకమహాలక్ష్మి గుడి. మార్గశిర మాసం కావడంతో శనివారమైనా లైను ఉంది. గురువారాలైతే వీధి చివర దాకా జనమేనట.

ఈ గుడి గురించి వినడం వేరు, చూడడం వేరు. అమ్మవారి పైన కప్పు లేదు. ఆకాశం కిందే ఉంటుంది. ఎడమ చేయి మోచేతి నుంచి లేదు. భక్తులు తామే పసుపు కుంకుమ వేసి, తామే పాలు పోసి, తామే దండం పెట్టుకుంటారు. మధ్యలో పూజారి చేయి అడ్డు రాదు. నా ముందు ఒక ముసలావిడ, చేపల వ్యాపారం అనుకుంటాను, చీర కొంగుకి ఇంకా ఉప్పు మరకలున్నాయి. తెచ్చిన పసుపు ప్యాకెట్ మొత్తం రెండు చేతులతో అమ్మవారికి పూసింది, ఇంట్లో పిల్లకు నలుగు పెట్టినంత చనువుగా. తర్వాత అదే చేత్తో నా నుదుటికి ఇంత పూసి వెళ్ళిపోయింది. నేనెవరో ఆవిడకు తెలీదు.

విగ్రహం 1912లో ఇక్కడి బావిలో దొరికిందని చెబుతారు. రోడ్డు మధ్యలో ప్రతిష్ఠిస్తే, 1917లో రోడ్డు వెడల్పు చేయాలని మునిసిపాలిటీ వాళ్ళు పక్కకు జరిపారట. అంతలో ఊళ్ళో ప్లేగు పాకింది. జనం అమ్మవారికి కోపం వచ్చిందన్నారు, మళ్ళీ పాత చోటికే తెచ్చి పెట్టారు. ఈ కథ పిన్ని చెబుతుంటే నాకు ఒకటే అనిపించింది. అప్పట్లో మునిసిపాలిటీ అంటే దొరల ప్రభుత్వం. రోడ్డు ప్లాను కాగితం మీద ఉంది, సంతకాలున్నాయి. అయినా బురుజుపేట జనం ఒప్పుకోలేదు, ప్లాను మారింది. పాత ఊరంటే ఇంగ్లీషువాళ్ళ ఊరని నేను అనుకుంటూ వచ్చాను. ఆ అభిప్రాయం అక్కడే కదలడం మొదలైంది.

గుడి బయట పూరీ, బొంబాయి చట్నీ తిన్నాం. ప్లేటు రూ. 40. శెనగపిండి పలచగా ఉడికించి, అల్లం పచ్చిమిర్చి దంచి వేసిన చట్నీ. ఉత్తరాంధ్రలో పూరీకి బంగాళాదుంప కూర కన్నా దీనికే గిరాకీ.

శనివారం సాయంత్రం, బీచ్ రోడ్డు

బాబాయ్ విశాఖ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అది ఒక పాత డచ్ బంగళా. 1991లో మ్యూజియంగా మార్చారు. లోపల జమీందార్ల కత్తులు, బట్టలు, ఫోటోలు ఉన్నాయి. అవన్నీ దాటి బాబాయ్ నేరుగా ఒక బాంబు దగ్గర ఆగాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. దాన్ని గుర్తు చేసే బాంబు తొడుగు అది. "మా నాన్న అప్పుడు పదేళ్ళవాడు. ఊరంతా మూటలు కట్టుకుని ఎటు వీలైతే అటు పోయారట. మా వాళ్ళు బళ్ళ మీద అనకాపల్లి వైపు పోయారు" అని చెప్పాడు. తాతయ్య ఆ రోజు గురించి నాకెప్పుడూ చెప్పలేదు. బాబాయ్ చెబుతున్నది విని, పక్కనే నిలబడ్డ ఒక కాలేజీ కుర్రాడు వాళ్ళ ముత్తాత కూడా అలాగే శృంగవరపుకోట వెళ్ళాడని అందుకున్నాడు. ముగ్గురం ఆ గాజు అర ముందు చాలాసేపు మాట్లాడుకున్నాం.

బయటికొచ్చి మురీ మిక్చర్ తిన్నాం, రూ. 30. మరమరాల్లో ఉల్లి, టమాటా, వేరుశనగ, నిమ్మరసం, కారం వేసి డబ్బాలో గలగలా ఆడించి పొట్లంలో పోస్తారు. ఆలస్యం చేస్తే మెత్తబడిపోతుంది, అందుకని అందరూ నిలబడే తినేస్తారు.

ఆదివారం, రాణి బొమ్మ దగ్గర

పొద్దున ఆరున్నరకి రాణి బొమ్మ సెంటర్‌లో కలవమన్నారు. మండపం కింద విక్టోరియా రాణి విగ్రహం. 1904లో కురుపాం రాజా ఇచ్చింది. మేం వెళ్ళేసరికి మండపం పక్కన ఒకాయన టీ బండి పెట్టుకుంటున్నాడు. ఆ మెట్ల మీదే పేపర్లు పేర్చుకునే కుర్రాళ్ళు. రాణి గారి కింద దినపత్రికలు విడదీస్తున్నారు.

నడిపించేది ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్. అందరూ మాస్టారనే పిలిచారు. చేతిలో మైకు లేదు, కాగితం లేదు. ఒక గుడ్డ సంచి, అందులో రెండు లీటర్ల నీళ్ళ సీసా. నీళ్ళు తాగడానికని అనుకున్నాను. ఎందుకో తర్వాత తెలిసింది.

మొదటి మాటే ఆయన ఇలా అన్నారు: "ప్రతి భవనం దగ్గరా నేను ఒక ప్రశ్న అడుగుతానండీ. డబ్బు ఎవరిచ్చారు? చూస్తూ ఉండండి." అక్కడి నుంచి నడకంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

విగ్రహం కురుపాం వారిది. కొంచెం ముందుకెళ్తే కురుపాం మార్కెట్, అదీ వాళ్ళదే. ఆదివారం పొద్దున కావడంతో కొట్ల షట్టర్లు దించి ఉన్నాయి. ఖాళీగా ఉండబట్టి ముఖద్వారం కమాను పూర్తిగా కనిపించింది. మామూలు రోజైతే జనంలో తలెత్తి చూసే వీలుండదని బాబాయ్ అన్నాడు. టౌన్ హాలు విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవం పేరు మీద బొబ్బిలి రాజా కట్టించింది. పూర్ణా మార్కెట్ వైపు ఉన్న టర్నర్ సత్రం పేరు కలెక్టరు టర్నర్‌ది, డబ్బు విజయనగరం మహారాజుది. బీచ్ రోడ్డులోని హవా మహల్ జయపురం రాజుది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఈ జయపురం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది.

"పేర్లు దొరలవి, ఖర్చు మనదన్నమాట" అన్నాడు మా గుంపులో ఒకాయన. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "జమీందార్లు దాన్ని మన డబ్బు అనుకోలేదు. అదంతా రైతుల నుంచి వసూలైన శిస్తు. దొరల మెప్పు కావాలి, బిరుదులు కావాలి. అందుకే విగ్రహాలు. కానీ అదే జమీందార్లు సత్రాలు, కాలేజీలు, ఆసుపత్రులు కూడా కట్టారు. రెంటినీ కలిపి చూడాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. జమీందార్లను ఆకాశానికెత్తే గైడ్లను చూశాను, దొరలను తిట్టి ఊరుకునే గైడ్లనూ చూశాను. లెక్క అడిగే గైడ్‌ని చూడ్డం ఇదే మొదలు.

టౌన్ హాలుకు ఈ మధ్య కార్పొరేషన్ స్మార్ట్ సిటీ నిధులతో మరమ్మతులు చేయించింది. గోడలు బాగుపడ్డాయి, సంతోషమే. కానీ మేం వెళ్ళిన పూట గేటుకి తాళం. లోపల ఏదన్నా సభ, పిల్లల పోటీ, పుస్తకాల షాపు, ఏదో ఒకటి నడుస్తూ ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. అదే వీధిలో మేం చూసిన బడులు, గుళ్ళు, మార్కెట్లు వందేళ్ళు దాటినా నిలబడి ఉన్నాయంటే రోజూ జనం వాడబట్టే. గోడలో పగులొస్తే ఎవరో ఒకరు చూస్తారు, సున్నం వేయిస్తారు. తాళం వేసి ఉంచిన భవనంలో రావిమొక్క గోడ చీల్చేదాకా ఎవరికీ తెలియదు.

ఆదివారం, దారి మళ్ళి ఏవీఎన్ కాలేజీ వైపు

తర్వాత చూడాల్సింది పాత యూరోపియన్ సమాధుల తోట. అక్కడికి వెళ్ళాల్సిన సందులో పెళ్ళి షామియానా వేసేశారు. అడ్డంగా కుర్చీలు, గాడిపొయ్యి మీద పెద్ద డేగిసాలు. వంటమనిషి గరిటెతోనే మాకు ఇంకో దారి చూపించాడు: "అలగెల్లి ఎడం పక్కకి తిరగండి బాబూ, కాలేజీ కాడికి తేల్తారు." అలా అనుకోకుండా ఏవీఎన్ కాలేజీ మా దారిలోకి వచ్చింది. మాస్టారికి సంబరం. అసలు చెప్పాలనుకుని టైం చాలదని వదిలేసిన కథ ఇదేనట.

1860లో స్కూలుగా మొదలై, 1878లో కాలేజీ అయింది. మిసెస్ ఏవీఎన్ కాలేజీ అని బోర్డు మీద ఉంటుంది. ఏవీఎన్ అంటే అంకితం వెంకట నరసింగరావు. ఆ మిసెస్ ఆయన భార్య అచ్చయ్యమ్మ. కాలేజీ నిలబడ్డానికి కారణం వాళ్ళ కుటుంబం ఇచ్చిన విరాళం. సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఇక్కడ పాఠాలు చెప్పేవారు. అబ్బాయి చదివింది దగ్గర్లోనే ఉన్న సెయింట్ అలోషియస్ స్కూల్లో. అది 1847 నాటిది. రామన్ పదకొండేళ్ళకే అక్కడ మెట్రిక్ పాసయ్యాడు.

రామన్ సంగతి నాకు తెలుసు. తెలియనిది నరసింగరావు గారి మామగారి గురించి. గోడే వెంకట జగ్గారావు. మద్రాసు వెళ్ళి ఖగోళశాస్త్రం నేర్చుకొచ్చి, 1840లో ఇక్కడ డాబా గార్డెన్స్‌లో తన సొంత ఖర్చుతో నక్షత్రాలు, గ్రహాలు చూసే వేధశాల పెట్టాడు. ఓడలవాళ్ళకి సరైన టైం తెలియడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం ఏర్పాటు చేశాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు నరసింగరావు ఆ పని అందుకున్నాడు. 1868లో సూర్యగ్రహణం, 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం, అన్నీ ఇక్కడి నుంచే చూసి లెక్కలు రాశాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది.

డాబా గార్డెన్స్ మీదుగా నేను ఎన్నిసార్లు వెళ్ళానో. షాపులు, ఆఫీసులు, ట్రాఫిక్ తప్ప ఇంకోటి చూడలేదు. ఆ చోట ఒక తెలుగాయన దుర్భిణి పెట్టుకుని శుక్రుడి కోసం ఎదురుచూశాడని ఒక్క రాయైనా ఉండాలి. మా పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ అయినా ఉండాలి. మాస్టారు చెబుతున్నంతసేపూ కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు గేటు దగ్గర ఆగి వింటున్నారు. "మా కాలేజీయేనా సార్?" అని అడిగారు. "మీదేనమ్మా" అన్నారాయన.

ఆదివారం, పాత యూరోపియన్ సమాధుల తోట

ఇక్కడే నీళ్ళ సీసా బయటికి తీశారు. గేటు తాళం కాపలా కుటుంబం దగ్గరుంటే, వాళ్ళమ్మాయి పరిగెత్తుకొచ్చి తీసింది. లోపల వేపచెట్లు, మోకాలి ఎత్తు గడ్డి, రెండు మేకలు. సమాధులు కొన్ని పలకలుగా నేల మీద పరిచి ఉన్నాయి, కొన్ని స్తంభాలుగా నిలబడి ఉన్నాయి. సముద్రపు గాలికి రాతి మీద నాచు, మసి పట్టి అక్షరాలు కనిపించవు. మాస్టారు ఒక పలక మీద సగం సీసా నీళ్ళు పోసి, ఉత్త అరచేత్తో మెల్లగా రుద్దారు. రాయి తడిసి నల్లబడింది, చెక్కిన గీతల్లో నీళ్ళు నిలిచాయి. ఒక్కో అక్షరమే పైకి వచ్చింది. మొదట ఒక పేరు, తర్వాత వయసు. ఇరవైలు దాటలేదు. రెండు నిమిషాల్లో ఆరిపోయి మళ్ళీ ఏమీ కనిపించలేదు. సుద్దముక్క పెట్టి రుద్దకూడదని, తీగ బ్రష్షు అసలు తాకించకూడదని గట్టిగా చెప్పారు. వెనకటికి ఎవరో అలా చేసి ఒక పలక మొత్తం పాడుచేశారట.

తర్వాత ఒక స్మారకం దగ్గర నిలబెట్టి 1780 కథ చెప్పారు. అప్పుడు మైసూరు హైదర్ అలీతో కంపెనీ యుద్ధం. ఇక్కడి సిపాయిలని ఓడెక్కించి మద్రాసు పంపాలని ఆర్డర్ వచ్చింది. అక్టోబర్ 3న సిపాయిలు ఎక్కం అన్నారు. తిరగబడి, అధికారుల మీద తుపాకులు పేల్చారు. ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు చనిపోయారు. 1857కి 77 ఏళ్ళ ముందు సంగతి ఇది. ఆ స్మారకం చనిపోయిన ఇంగ్లీషువాళ్ళది. "ఓడ ఎక్కనన్న సిపాయిలు ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వాళ్ళ వంశంవాళ్ళు ఇక్కడే ఎక్కడో ఉంటారు" అన్నారు మాస్టారు. చుట్టూ ఉన్న ఇళ్ళ వైపు చెయ్యి చూపించారు. ఒక డాబా మీద ఎవరో బట్టలారేస్తున్నారు.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖ వచ్చారు. తెలుగు నేర్చుకుని బైబిల్‌ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు, బడి పెట్టారు. ఐదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ పోయారు. తెలుగు నేర్చుకోవడానికి వాళ్ళకి కూర్చుని పాఠం చెప్పినవాళ్ళు ఇక్కడివాళ్ళే.

బయటికొస్తూ కాపలావాళ్ళ అమ్మాయికి రూ. 100 ఇవ్వబోయాను. తీసుకోలేదు. "పేరు ఒకటి సదివి సెప్పండి చాలు, ఆ మూల రాయిది. మా తమ్ముడు అదేటని రోజూ అడుగుతాడు" అంది. సీసాలో మిగిలిన నీళ్ళన్నీ ఆ రాయి మీదే పోశాం. అరిగిపోయి పేరు అందలేదు, సంవత్సరంలో చివరి రెండంకెలు మాత్రం దొరికాయి. ఆ అమ్మాయి ఆ అంకెలని చేతి మీద పెన్నుతో రాసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం, రాస్ హిల్

నడక పూర్తయ్యింది రాస్ హిల్ మీద. రాస్ అనే ఆయన 1864లో కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, అదే తర్వాత మేరీమాత చర్చి అయింది. పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఆ గుడిని కూడా ఒక ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని స్థానికులు చెబుతారు. మూడు కొండలకీ అందరూ వెళ్తారు. పిన్ని ప్రతి ఏడూ దర్గాకి వెళ్ళి చాదర్ ఇచ్చి వస్తుంది, బాబాయ్‌కి ఆపరేషన్ అయినప్పుడు మొక్కుకున్నదట.

పైనుంచి హార్బర్ కాలువ, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ ఎదురెదురుగా కనిపించాయి. ఇక్కడ మాట్లాడే వంతు బాబాయ్‌ది. మాస్టారే అడిగారు, పోర్టు సంగతి మీరు చెప్పండి అని. బాబాయ్ మొదట మొహమాటపడ్డాడు, మొదలుపెట్టాక ఆగలేదు.

పోర్టు రాకముందు ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేసేవి. సరుకు, మనుషులు మసూలా పడవల్లో ఒడ్డుకు వచ్చేవారు. ఆ పడవల చెక్కలకి మేకులుండవు, కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు, అలల దెబ్బకి వంగాలి గాని విరక్కూడదు కదా. వాటిని నడిపింది జాలర్లు. ఉప్పుటేరు చుట్టూ బురద, చిత్తడి నేల ఉండేది. దాన్ని తవ్వి, తవ్విన మట్టితో పల్లం నింపి హార్బర్ చేశారు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఎగుమతి చేయాలన్నది ముఖ్యమైన అవసరం, అందుకే బెంగాల్ నాగపూర్ రైల్వే దీన్ని తలకెత్తుకుంది. కాలువ నోట్లోకి ఇసుక కొట్టుకురాకుండా జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి ముంచేశారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలి హార్బర్‌కి వచ్చింది. "ఆ ముంచిన ఓడల మీద నుంచే మేం డ్యూటీకి బోటులో పోయేవాళ్ళం" అన్నాడు బాబాయ్. మా గుంపంతా ఆయన చుట్టూ చేరింది. మా ఇంట్లో ఇంత చరిత్ర ఉందని నాకిన్నాళ్ళూ తెలియలేదు. అప్పటికప్పుడు ఫోన్‌లో రికార్డు చేశాను.

పోర్టు వచ్చాక ఊరు పైకి పాకింది. దొరలు అంతకుముందే వాల్తేరు ఎత్తుకి చేరారు. 1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీ, తర్వాత యూనివర్సిటీ, అన్నీ అటువైపే. వన్‌టౌన్‌లో మిగిలింది పాత వ్యాపారం, పాత ఇళ్ళు, వాటిల్లో ఇప్పటికీ ఉంటున్నవాళ్ళు.

దిగాక బాబాయ్ ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళాడు. పదకొండు దాటితే మంచి చేప ఉండదని తిట్టుకుంటూనే వెళ్ళాం. వంజరం కిలో రూ. 900 చెప్పారు. బాబాయ్ మొప్పలు ఎత్తి చూసి, "ఏటమ్మా, నిన్నటిది నాకమ్ముతావా" అన్నాడు. ఆవిడ నవ్వేసి కింద గంపలోంచి ఇంకోటి తీసి ఇచ్చింది, రూ. 750. ఆ పూట పిన్ని పులుసులో బెల్లం ముక్క వేసింది. నేను వద్దన్నా వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

సోమవారం, భీమిలి

తీరం వెంట భీమిలి వెళ్ళాం. డచ్చివాళ్ళ సమాధులు చూడాలని. కోసుగా పైకి లేచిన రాతి కట్టడాలు, సముద్రానికి దగ్గరగా. చుట్టూ గోడ ఉంది, లోపల శుభ్రంగా ఉంది. భీమునిపట్నం 1861లోనే మునిసిపాలిటీ అయింది. ఊరు చిన్నదే, మధ్యాహ్నానికల్లా నడిచేశాం. మాస్టారిలాంటి మనిషి పక్కన లేకపోతే రాళ్ళు రాళ్ళుగానే మిగిలాయి నాకు. గడియార స్తంభం దగ్గర ఒక హోటల్లో భోజనం రూ. 130, చేపల వేపుడు విడిగా.

వెళ్ళాలనుకునేవాళ్ళకి

డిసెంబర్, జనవరి నెలల్లో వెళ్ళండి, పొద్దున ఏడు లోపు మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే ఎండ, ట్రాఫిక్ రెండూ కష్టం. మార్గశిర గురువారాలు మాత్రం వద్దు, బురుజుపేట వైపు అడుగు పడదు. చెప్పుల కన్నా బూట్లు మేలు, సమాధుల తోటలో గడ్డి పెరిగి ఉంటుంది. ఒక లీటరు నీళ్ళు ఎక్కువే తీసుకెళ్ళండి, రాళ్ళ మీద పోయడానికి. పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళని కూడా తీసుకెళ్ళండి. మాస్టారు పాత ఊరి ఫోటోలు, కాగితాలు సేకరిస్తున్నారు. బాబాయ్ తన దగ్గరున్న పోర్టు పాత గుర్తింపు కార్డులు, జీతం పుస్తకం, హార్బర్‌లో దిగిన రెండు ఫోటోలు ఆయనకి స్కాన్ చేసుకోమని ఇచ్చాడు. వచ్చే నడకకి మసూలా పడవలు కుట్టిన కుటుంబాల పెద్దలు ఎవరైనా దొరుకుతారేమో జాలరిపేటలో వెతుకుదామని ఇద్దరూ అనుకున్నారు. తేదీ చెప్తే నేను మళ్ళీ వెళ్తాను.